గ్యారడోస్‌కి ముందు ఒక టర్న్ సంపాదించి పెట్టండి

ఆటగది: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉక్కునగరం నుంచి తగరపువలస దాకా వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే జీవి గురించి. జీవుల్ని పెంచి పోరాడించే పోకెమాన్ వీడియో గేమ్‌లోని గ్యారడోస్. పోయిన సంచికలో మాటవరసకి దాని పేరెత్తానో లేదో, విశాఖలో ఇంతమంది దాన్ని సాకుతున్నారని తేలింది. సముద్రం పక్కన ఉండటం వల్లో ఏమో గానీ, సాయంత్రం పూట బీచ్ రోడ్డు గోడ మీద ఫోన్లు పట్టుకుని కూర్చునే కుర్రాళ్ల టీముల్లో నీటి పోకెమాన్లు ఓ పిసరు ఎక్కువే. మిగతా ఆటల ప్రశ్నలు వచ్చేసారికి ఉంచి, పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను. అంకెలన్నీ స్కార్లెట్, వయొలెట్ ఆటల ప్రకారం, 50వ లెవెల్‌లో వేసినవి. కొత్తవాళ్లకి ఒక మాట: హెచ్‌పీ అంటే ప్రాణం, ఈవీలు అంటే తర్ఫీదుతో ఇచ్చే పాయింట్లు, నేచర్ అంటే ఒక బలాన్ని పెంచి ఇంకోదాన్ని తగ్గించే స్వభావం.

ప్ర: మేడమ్, నేను పాలిటెక్నిక్ చదువుతున్నాను. ఆరు పోకెమాన్లు చూపించి మూడింటిని దింపే సింగిల్స్ ఆడతాను. నా గ్యారడోస్‌ది జాలీ నేచర్. అటాక్‌లో 252, స్పీడ్‌లో 252 ఈవీలు, మిగిలిన 4 హెచ్‌పీలో పెట్టాను. మొదటి టర్న్‌లోనే దింపి డ్రాగన్ డాన్స్ కొడతాను. వెంటనే అవతలివాడు ఎలక్ట్రిక్, నీటి రకం వాష్ రోటమ్‌ని తెస్తాడు. ఒక్క వోల్ట్ స్విచ్ (కొట్టి వెనక్కి పోయే ఎలక్ట్రిక్ దెబ్బ), అంతే సంగతులు. ప్రతిసారీ ఇదే వరస. సెట్ బాలేదా, నేనే బాలేనా? మరేటి చెయ్యమంటారు?
(ఓ విద్యార్థి, గాజువాక)

జ: సెట్ బాగానే ఉంది బాబూ. నువ్వు డాన్స్ తర్వాత జరిగేదాని గురించి బాగా ఆలోచించావు, డాన్స్‌కి ముందు జరగాల్సింది వదిలేశావు. చాలామంది చేసేది ఇదే. గ్యారడోస్ వీడియోలు చూసి వచ్చినవాళ్లకి అది వరసపెట్టి ముగ్గురినీ పడగొట్టడమే గుర్తుంటుంది. ఆ వీడియోలో డాన్స్ వేసిన టర్న్ దగ్గర ఆపి, ఎదురుగా ఎవరున్నారో చూడు. దాన్ని ఏమీ చేయలేని పోకెమానే ఉంటుంది.

డ్రాగన్ డాన్స్ అటాక్‌నీ, స్పీడ్‌నీ ఒక్కో మెట్టు పెంచుతుంది, అంటే ఒకటిన్నర రెట్లు. ఆ టర్న్‌లో మాత్రం నువ్వు దెబ్బ కొట్టవు, అవతలివాడికి ఒక కదలిక ఉచితంగా ఇస్తావు. మొదటి టర్న్‌లో వాడి చేతిలో మూడూ నిండుగా ఉంటాయి కాబట్టి ఆ ఉచిత కదలికతో వాడు నీకు విరుగుడైన పోకెమాన్‌ని తెచ్చి కూర్చోబెడతాడు. ఇక్కడి నుంచి లెక్క చూడు. నీ గ్యారడోస్ హెచ్‌పీ 171. స్పెషల్ అటాక్‌లో ఒక్క ఈవీ కూడా పెట్టని రోటమ్ కొట్టే వోల్ట్ స్విచ్ 168 నుంచి 204 దాకా పడుతుంది. ఆటలో ప్రతి దెబ్బకీ 16 రకాల రోల్స్, అంటే పాచికలా పడే అంకెలు, ఉంటాయి కదా, వాటిలో అన్నిటికన్నా చిన్నది పడితేనే నువ్వు బతికేది. డాన్స్ తర్వాత నువ్వే ముందు కొడతావు, నిజమే. కానీ రోటమ్ నీటి రకం కూడా కాబట్టి నీ వాటర్‌ఫాల్ సగమే తగులుతుంది. 157 హెచ్‌పీ ఉన్న రోటమ్ మీద అది 56 దాటదు. గాల్లో తేలే లెవిటేట్ ఎబిలిటీ (పుట్టుకతో వచ్చే గుణం) వల్ల గ్రౌండ్ దెబ్బ ఎర్త్‌క్వేక్ అసలు తగలదు. ఐస్ ఫ్యాంగ్ కూడా సగమే.

అందుకని మొదట దింపడం మానేయ్. గ్యారడోస్‌ని మధ్యలో, తనని నొప్పించలేని దెబ్బ వస్తున్నప్పుడు లోపలికి తేవాలి. దాని టైపింగ్ నీరు, గాలి. బలహీనతలు రెండే: ఎలక్ట్రిక్‌కి నాలుగింతలు, రాయికి రెండింతలు. గ్రౌండ్ అసలు తగలదు. ఫైటింగ్, ఫైర్, వాటర్, స్టీల్, బగ్ సగమే తగులుతాయి. దీనికి తోడు దాని ఎబిలిటీ ఇంటిమిడేట్. అడుగు పెట్టగానే ఎదుటివాడి అటాక్ మూడింట రెండొంతులకు పడిపోతుంది. చేత్తో కొట్టే గ్రౌండ్, ఫైటింగ్ వాళ్లు ఎదురుగా ఉన్నప్పుడు నువ్వు గ్యారడోస్‌ని తెస్తే వాళ్లకి ఉండి లాభం లేదు. వెనక్కి పోవాలి. వాళ్లు వెనక్కి పోయే ఆ టర్నే నీది.

మా ఆదివారం బృందంలో ఒక అమ్మాయి ఉంది. ఏయూలో ఎంఎస్సీ చేస్తోంది, మాటలు తక్కువ. తన ఆట ఒకటి చెబుతాను. తను ముందు కింగాంబిట్‌ని పెట్టింది, అవతల గ్రౌండ్, ఫైటింగ్ రకం గ్రేట్ టస్క్. కింగాంబిట్‌కి ఫైటింగ్ దెబ్బ నాలుగింతలు తగులుతుంది, కాబట్టి క్లోజ్ కాంబాట్ వస్తుందని పిల్లలక్కూడా తెలుసు. తను కింగాంబిట్‌ని లాగేసి గ్యారడోస్‌ని తెచ్చింది. ముందు ఇంటిమిడేట్ పడింది, తర్వాత క్లోజ్ కాంబాట్ తగిలింది. పూర్తి అటాక్ పెట్టిన టస్క్ అయినా సరే ఆ దెబ్బ 42 నుంచి 50 మధ్యే. పైగా క్లోజ్ కాంబాట్ కొట్టినవాడి రెండు డిఫెన్సులూ ఒక్కో మెట్టు దిగుతాయి. ఇప్పుడు టస్క్ అటాక్ తగ్గి, డిఫెన్స్ తగ్గి, ఎదురుగా నీటి దెబ్బ పెట్టుకుని నిలబడి ఉంది. అవతలి అబ్బాయి రోటమ్‌కి మార్చాడు. సరిగ్గా ఆ టర్న్‌లో డాన్స్.

తర్వాతి టర్న్‌లో రోటమ్ ఎదురుగా ఉంది, నీకు రోజూ జరిగేదే. తేడా ఏమిటంటే తన టెరా టైప్ గ్రాస్. టెరా అంటే ఆటకి ఒక్కసారి ఒక పోకెమాన్ రకాన్ని మార్చుకునే వీలు. టెరా అవగానే గాలీ నీరూ పోయి గడ్డి ఒక్కటే మిగులుతుంది. ఎలక్ట్రిక్ సగమే, వాటర్ కూడా సగమే. టెరా బ్లాస్ట్ గ్రాస్ దెబ్బగా మారి రోటమ్‌కి రెండింతలు తగులుతుంది. హెచ్‌పీలో మాత్రమే ఈవీలు పెట్టిన రోటమ్ మీద అది 188 నుంచి 224. ఉన్నది 157. పోయింది. అదే డిఫెన్స్‌లో కూడా 252 పెట్టి, బోల్డ్ నేచర్ ఇచ్చిన రోటమ్ అయితే 138 నుంచి 164 పడేది, 16లో 4 రోల్స్‌కే చచ్చేది. అయినా కంగారు లేదు. దాని వోల్ట్ స్విచ్ అప్పుడు గ్యారడోస్‌కి పాతిక మించి తగలదు.

టెరా గ్రౌండ్ ఎందుకు పెట్టుకోకూడదని నువ్వు అడుగుతావు. అందరూ అదే చెబుతారు, ఎలక్ట్రిక్ అసలు తగలదు కదా అని. వోల్ట్ స్విచ్ గ్రౌండ్ మీద పడితే రోటమ్ వెనక్కి కూడా పోలేదు, చూడ్డానికి సరదాగానే ఉంటుంది. కానీ వాష్ రోటమ్ దగ్గర హైడ్రో పంప్ కూడా ఉంటుంది, గ్రౌండ్‌కి నీరు రెండింతలు. నీ ఎర్త్‌క్వేక్ ఎలాగూ దానికి తగలదు. రోటమ్ కోసం టెరా గ్రౌండ్ పెట్టుకోవడమంటే దొంగకి భయపడి పోలీసులు లేని ఊరికి కాపురం మార్చడమే. రేజింగ్ బోల్ట్ లాంటి ఎలక్ట్రిక్ డ్రాగన్లు ఎక్కువ ఎదురైతే గ్రౌండ్ మంచిది. నీకు రోజూ రోటమే ఎదురవుతోంది కాబట్టి గ్రాస్ పెట్టు. టెరాని వేరే పోకెమాన్‌కి దాచుకోవాలంటే వాకాన్ బెర్రీ అనే పండు పట్టుకోనివ్వు, ఒక్కసారికి ఎలక్ట్రిక్ దెబ్బని సగం చేస్తుంది. ఇందాకటి 168 నుంచి 204 కాస్తా 84 నుంచి 102 అవుతుంది.

ఆ ఆట ఎలా ముగిసిందో చెప్పలేదు కదూ. రోటమ్ పోయాక టస్క్ మళ్లీ వచ్చింది. ఒకసారి లోపలికి పోయి వచ్చింది కాబట్టి తగ్గినవన్నీ మామూలయ్యాయి. తనది కూడా నీలాగే జాలీ. వాటర్‌ఫాల్ కొడితే 158 నుంచి 188. టస్క్ హెచ్‌పీ 191. ఆ సంగతి తనకి ముందే తెలుసు, అయినా కొట్టింది. టస్క్ కొన ఊపిరితో మిగిలి ఐస్ స్పిన్నర్‌తో గ్యారడోస్‌ని పడేసింది. కింగాంబిట్ బయటికొచ్చి సకర్ పంచ్‌తో దాని పని పూర్తి చేసింది. అవతల ఒకటి మిగిలింది, తన దగ్గర రెండు. ముగ్గురినీ గ్యారడోసే కొట్టాలన్న పట్టుదల తనకి లేదు, చూశావా? అది నాకు నచ్చింది.

ఒక్క జాగ్రత్త. ఫైటింగ్ కదా అని ఐరన్ హ్యాండ్స్ ముందుకి మాత్రం గ్యారడోస్‌ని తేకు. అది సగం ఎలక్ట్రిక్. ఇంటిమిడేట్ పడినా నాలుగింతల దెబ్బ నాలుగింతలే.

ప్ర: అమ్మా, మా వాడు ఇంటర్ రెండో సంవత్సరం. లెక్కల నోట్సు వెనక పేజీలో 133, 146, 199, 200, 213, 219 అని వరసగా రాసి, 199 చుట్టూ సున్నా చుట్టి పక్కన ‘ఒక్కటి తక్కువ, ఛ!’ అని రాసుకున్నాడు. ఏమిట్రా ఇది అంటే గ్యారడోస్ అన్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇవేమైనా బెట్టింగ్ నంబర్లా?
(ఓ తల్లి, ఎం.వి.పి. కాలనీ)

జ: కాదమ్మా, హాయిగా పడుకోండి. అవి స్పీడ్ లెక్కలు. నేను రోజూ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్నే కాబట్టి విప్పి చెబుతాను. గ్యారడోస్‌కి పుట్టుకతో వచ్చిన స్పీడ్ అంకె 81. దాన్ని రెండింతలు చేస్తే 162. జన్మతః వచ్చే ఐవీలు గరిష్ఠంగా 31 కలపండి. తర్ఫీదుతో ఇచ్చే ఈవీలు 252, వాటిలో నాలుగో వంతు 63 కలపండి. మొత్తం 256. 50వ లెవెల్ కాబట్టి సగం, 128. దానికి 5 కలిపితే 133. స్పీడ్ పెంచే జాలీ నేచర్ అయితే పది శాతం ఎక్కువ, చిల్లర వదిలేస్తే 146. ఒక డాన్స్ వేస్తే 133 కాస్తా 199, 146 కాస్తా 219.

ఇప్పుడు ఆ సున్నా సంగతి. జోల్టియాన్ అనే ఎలక్ట్రిక్ నక్కలాంటిది ఉంది. దాని అంకె 130, అంతా స్పీడ్‌కే పోస్తే 200. మీవాడి గ్యారడోస్‌ది అటాక్ పెంచే అడమంట్ నేచర్ అయి ఉంటుంది. డాన్స్ వేసినా 199 దగ్గర ఆగుతుంది. ఒక్క అంకె తేడాతో జోల్టియాన్ ముందు కొడుతుంది, ఎలక్ట్రిక్ దెబ్బ కాబట్టి ఇక చెప్పక్కర్లేదు. ఆ ‘ఛ!’ న్యాయమైనదే. 213 డ్రాగాపల్ట్‌ది. జాలీ అయితే దాన్ని కూడా దాటుతుంది.

మీ పేరు చెప్పుకుని మీవాడికి రెండు మాటలు. బాబూ, జాలీనా అడమంటా అని నువ్వు తేల్చుకోలేకపోతున్నావని ఆ కాగితమే చెబుతోంది. పైన గాజువాక అబ్బాయికి చెప్పిన ఆట చూడు. జాలీ వాటర్‌ఫాల్‌కి టస్క్ ఎప్పుడూ చావదు, 188 దగ్గర ఆగిపోతుంది. అదే అడమంట్ అయితే 174 నుంచి 206 పడుతుంది, 16 రోల్స్‌లో 8 సార్లు పడిపోతుంది. మరోవైపు అడమంట్ పెడితే ఫ్లటర్ మేన్ 205తో, డ్రాగాపల్ట్ 213తో నీకన్నా ముందుంటాయి. మీ టీములో ఆ రెండింటినీ చూసుకునేవాడు ఇంకొకడుంటే, కింగాంబిట్ లాంటివాడు, నేనైతే అడమంటే పెడతాను. మియావ్‌స్కరాడా 192, ఐరన్ వాలియంట్ 184, గార్‌చాంప్ 169. వీళ్లందరినీ 199 దాటేస్తుంది. జోల్టియాన్ కోసం నేచర్ మార్చుకోకు. అది ఎదురయ్యేది ఎప్పుడో ఒకసారి.

నేచర్ తప్పు పెట్టానని మళ్లీ మాజికార్ప్ (గ్యారడోస్‌గా మారే చేప) నుంచి పెంచుకుంటూ కూర్చోకు. మింట్ తినిపిస్తే సరిపోతుంది. ఆ సౌకర్యం 2019లో స్వోర్డ్, షీల్డ్‌తో వచ్చింది. చెబుతున్నాను గానీ, పబ్లిక్ పరీక్షలయ్యాకే.

ప్ర: అక్కా, ఎర్ర గ్యారడోస్ నీలందానికన్నా బలమైనదని మా ఫ్రెండ్ పందెం కాశాడు. నిజమేనా?
(ఎనిమిదో తరగతి, పెదవాల్తేరు)

జ: రంగు తప్ప ఏమీ తేడా లేదు. జోటో అనే ప్రాంతంలో జరిగే ఆటల్లో లేక్ ఆఫ్ రేజ్ అనే సరస్సులో కనిపించే ఎర్రది అందరికీ గుర్తుండిపోయింది, అంతే. పందెం డబ్బులు వసూలు చేసుకో.

ప్ర: మేడమ్ గారూ, మాది పాత తరం. చిన్నప్పుడు మా అన్నయ్య ఓడ మీద పనిచేస్తూ తెచ్చిన గేమ్‌బాయ్‌లో ఆడాను. అప్పట్లో గ్యారడోస్‌ని ఎంత కష్టపడి పెంచినా ఆ రూపానికి తగ్గ దెబ్బ ఉండేది కాదు. ఇప్పుడు మా అబ్బాయి దాన్ని తెగ పొగుడుతున్నాడు. మధ్యలో ఏం జరిగింది?
(లాసన్స్ బే కాలనీ)

జ: మీ అనుమానం నిజమే సార్. 1996లో జపాన్‌లో ఆట మొదలైనప్పుడు ఒక దెబ్బ చేత్తో కొట్టేదా, దూరం నుంచి విసిరేదా అన్నది దాని రకాన్ని బట్టే ఉండేది. నీటి రకం దెబ్బలన్నీ స్పెషల్ కింద లెక్క. గ్యారడోస్ అసలు బలం అటాక్‌లో ఉంది, 125. నీటి పోకెమాన్ అయ్యుండి తన నీటి దెబ్బకి ఆ 125 పనికొచ్చేది కాదు. రెండో తరం నుంచి స్పెషల్ అటాక్ 60 అయ్యేసరికి పరిస్థితి ఇంకా అన్యాయమైంది. 2002లో రూబీ, సఫైర్ వచ్చి డ్రాగన్ డాన్స్, ఇంటిమిడేట్ రెండూ ఇచ్చాయి. అయినా సొంత రకంలో చేత్తో కొట్టే మంచి దెబ్బ లేక జనం హిడెన్ పవర్‌ని గాలి రకంగా మార్చుకుని నెట్టుకొచ్చేవారు.

2006లో డైమండ్, పెర్ల్‌తో ప్రతి దెబ్బనీ విడివిడిగా చేత్తో కొట్టేదనో, విసిరేదనో విభజించారు. వాటర్‌ఫాల్ చేత్తో కొట్టేదిగా మారి, 80 పవర్‌తో వచ్చింది. కొట్టినప్పుడు 20 శాతం ఎదుటివాడు బెదిరి ఆ టర్న్ పోగొట్టుకునే వీలు కూడా ఉంది. ఇరవై లెవెళ్లు మాజికార్ప్‌ని మోసినవాళ్ల కష్టం అప్పుడు ఫలించింది.

అయితే ఆ 2006లోనే స్టెల్త్ రాక్ కూడా పుట్టింది. అవతలివాడు రాళ్లు పరిస్తే గ్యారడోస్ లోపలికి అడుగుపెట్టిన ప్రతిసారీ హెచ్‌పీలో నాలుగో వంతు పోతుంది. 171లో 42. ఇంటిమిడేట్ ఉన్నవాడు ఎన్నిసార్లు వచ్చిపోతే అంత లాభం, కానీ ఇక్కడ నాలుగుసార్లు వచ్చేసరికి ఎవరూ ముట్టుకోకుండానే 3 హెచ్‌పీ మిగులుతుంది. ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కున్నారు. మీ అబ్బాయి మూడింటిని దింపే ఆట ఆడితే రాళ్ల బెడద తక్కువ. ఆరుకి ఆరూ ఆడే షోడౌన్ (ఆన్‌లైన్ పోరు సైట్) పోటీలైతే రాళ్లు తగలనివ్వని హెవీ డ్యూటీ బూట్స్ తొడగాల్సిందే. అప్పుడు బెర్రీకి చోటుండదు, ఉన్నది ఒక్క జేబే. నా లెక్కలో ఆరుకి ఆరూ దింపే ఆటలో బూట్స్ లేని గ్యారడోస్‌ని తీసుకెళ్లడం దండగ.

ప్ర: ఇంటిమిడేట్ కన్నా మాక్సీ మేలు కదా అక్కా? ఒక్కొక్కర్నీ పడగొట్టినప్పుడల్లా అటాక్ పెరుగుతుంది.
(గోపాలపట్నం)

జ: ఒకర్ని పడగొట్టాక నీ మాట నిజం. ఆ ఒకర్ని పడగొట్టేదాకా ఎలా బతుకుతావు? పైన చెప్పిన క్లోజ్ కాంబాట్ ఇంటిమిడేట్‌తో 42 నుంచి 50. మాక్సీ గ్యారడోస్ మీద అదే దెబ్బ 63 నుంచి 74. అప్పుడు టస్క్ కూడా భయపడి వెనక్కి పోదు. ఆట చివర్లో, అందరూ గాయపడి ఉన్నప్పుడు దింపేవాళ్లకే మాక్సీ.

ప్ర: మేడమ్, నేను డబుల్స్, అంటే ఇద్దరిద్దరు ఒకేసారి దిగే ఆట, ఆడతాను. ఇంటిమిడేట్ కోసమైతే ఇన్సినరోర్ ఉండనే ఉంది. గ్యారడోస్‌కి టీములో చోటివ్వడం వృథా అని మావాళ్లు నవ్వుతున్నారు. మీరేమంటారు?
(ఓ ఉద్యోగి, కంచరపాలెం)

జ: ఇంటిమిడేట్ ఒక్కదాని కోసమే అయితే మీవాళ్లు నవ్వడంలో న్యాయం ఉంది. ఇన్సినరోర్ ఫేక్ అవుట్ కొట్టి ఎదుటివాడి టర్న్ పోగొడుతుంది, పార్టింగ్ షాట్‌తో దెబ్బ తగ్గించి తను తప్పుకుంటుంది. వచ్చిపోయే పనికి దానికి సాటి లేదు. గ్యారడోస్‌ని వచ్చిపోయేవాడిగా వాడితే చవగ్గా వాడుకున్నట్టే. దాన్ని దెబ్బ కొట్టేవాడిగా పెట్టుకుని, ఇంటిమిడేట్‌ని ఆ డాన్స్ టర్న్ కొనుక్కునే డబ్బుగా ఖర్చు పెట్టండి.

డబుల్స్‌లో ఇది ఇద్దరి అటాక్‌నీ ఒకేసారి తగ్గిస్తుంది. అది లాభం. అవతల కింగాంబిట్ డిఫయంట్ (తనని తగ్గిస్తే అటాక్ పెంచుకునే ఎబిలిటీ)తో ఉంటే అదే నష్టం, ఒక మెట్టు దిగి రెండు మెట్లు ఎక్కుతుంది. డిఫయంట్ ఉందో లేదో తెలియకుండా మొదటే గ్యారడోస్‌ని దింపకండి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. క్రిటికల్ (అదృష్టవశాత్తూ పడే పెద్ద దెబ్బ) పడితే తగ్గిన అటాక్ లెక్కలోకి రాదు, పూర్తి బలంతో తగులుతుంది. 24లో ఒకటే కదా అనుకుంటాం, అది మనమీదే పడుతుంది.

ఎలక్ట్రిక్ సంగతికి డబుల్స్‌లో మంచి దారులున్నాయి. పక్కన లైట్నింగ్ రాడ్ అనే ఎబిలిటీ ఉన్న రైపీరియర్‌ని నిలబెడితే ఒక్కరికి గురిపెట్టిన ఎలక్ట్రిక్ దెబ్బలన్నీ దానివైపే మళ్లుతాయి, దానికేమో గ్రౌండ్ కాబట్టి తగలవు. అయితే మీ గ్యారడోస్ ఎర్త్‌క్వేక్ కొడితే పక్కనున్న రైపీరియర్‌కే రెండింతలు తగులుతుంది, కాబట్టి ఆ జోడీలో ఎర్త్‌క్వేక్ తీసేయండి. తిరగేస్తే బాగుంటుంది. పక్కవాడు ఎర్త్‌క్వేక్ కొడుతుంటే గాల్లో ఉన్న గ్యారడోస్‌కి ఏమీ కాదు. టెరా అయిన మరుక్షణం గాల్లోంచి దిగిపోతుందని మాత్రం మరిచిపోవద్దు, నేను చూసిన ఆటల్లో సొంత మనిషి చేతిలో పోయిన గ్యారడోస్‌లు తక్కువేం కాదు.

అమూంగస్ రేజ్ పౌడర్‌తో ఒక్కరికి గురిపెట్టిన దెబ్బలన్నీ తనమీదకి లాక్కోవడం ఇంకో దారి. అవతలివాడు గడ్డి రకమో, సేఫ్టీ గాగుల్స్ పెట్టుకున్నవాడో అయితే పనిచేయదు.

రేజింగ్ బోల్ట్ గురించి విడిగా చెప్పాలి. దాని థండర్‌క్లాప్ స్పీడ్‌తో సంబంధం లేకుండా ముందు తగులుతుంది. మీరు డాన్స్ వేసి 219 తెచ్చుకున్నా అది ముందే. ఎలక్ట్రిక్ దెబ్బ, నాలుగింతలు. దీన్ని చూసి గ్యారడోస్‌ని పూర్తిగా మానేసినవాళ్లున్నారు. కానీ థండర్‌క్లాప్‌కి ఒక షరతుంది. ఎవరిమీద కొడుతున్నారో వాళ్లు ఆ టర్న్‌లో దాడి చేయబోతుంటేనే పనిచేస్తుంది. గ్యారడోస్ డాన్స్ వేసినా, టాంట్ (ఎదుటివాడు దాడి కాని కదలికలు చేయకుండా ఆపేది) కొట్టినా, థండర్ వేవ్ వేసినా థండర్‌క్లాప్ ఉత్తిదే అవుతుంది. వాడు థండర్‌క్లాప్ నొక్కుతాడని నమ్మకం ఉన్న టర్న్‌లో డాన్స్ వేయండి. తర్వాతి టర్న్‌లో వాడు మామూలు థండర్‌బోల్ట్‌కి మారాలా వద్దా అని తల పట్టుకుంటాడు. టెరా గ్రౌండ్ పనికొచ్చేది ఇక్కడ. వాడి దగ్గర డ్రాకో మీటియర్ కూడా ఉంటుంది కాబట్టి పూర్తి భద్రత అనుకోకండి, కానీ డ్రాగన్ దెబ్బ నాలుగింతలు కాదుగా.

నెమ్మదివాళ్లే ముందు కదిలేలా చేసే ట్రిక్ రూమ్ టీములు ఎదురైతే డాన్స్ ఆలోచన పక్కన పెట్టి టాంట్ కొట్టండి. ట్రిక్ రూమ్‌లో స్పీడ్ పెంచుకోవడం అంటే మనమే వరసలో వెనక్కి వెళ్లి నిలబడటం.

ప్ర: అక్కా, అన్నీ మీరు చెప్పినట్టే చేశా. టర్న్ దొరికింది, డాన్స్ వేశా, రెండోసారీ వేశా. అవతలివాడు డోండోజోని తెచ్చాడు. వాటర్‌ఫాల్ కొడితే గీత పడలేదు. నాకేం అర్థం కాలేదు.
(మధురవాడ)

జ: డోండోజోకి అనవేర్ ఉంది. ఎదుటివాడు పెంచుకున్నవేవీ దానికి కనబడవు. నువ్వు రెండు కాదు ఆరు డాన్సులు వేసినా దానికి నువ్వు మామూలు గ్యారడోసే. పైగా అదీ నీరే, వాటర్‌ఫాల్ సగం. హెచ్‌పీ అంకె 150, డిఫెన్స్ 115. నువ్వు దాన్ని ఏమీ చేయలేవు. క్లాడ్‌సైర్, స్కెలిడర్జ్ దగ్గర కూడా ఇదే ఎబిలిటీ ఉండొచ్చు. ఆ రెండింటికీ నీ దెబ్బలు రెండింతలు తగులుతాయి కాబట్టి డాన్స్ లేకుండానే కొట్టు.

మొదట చూపించే ఆరులో డోండోజో కనబడిందంటే గ్యారడోస్‌ని దింపే ముందు ఎలక్ట్రిక్ దెబ్బ గానీ గడ్డి దెబ్బ గానీ ఉన్న తోడు ఎవరో చూసుకో. అది రెస్ట్ తీసుకుని కోలుకుంటూ బతుకుతుంది. కాబట్టి గ్యారడోస్‌లో టాంట్ పెట్టుకుని, డోండోజో రాగానే టాంట్ కొట్టి, రెస్ట్ ఆగిన ఆ మూడు టర్నుల్లోపల తోడువాడిని లోపలికి తే.